మాష్టారు తాగని టీ

టీ చల్లారి పైన మీగడ కడితే ఎవరైనా పారబోస్తారు. మొన్న మా ఆఫీసులో ఏదో ఫైలు మీద వాదన పెట్టుకుని నా గ్లాసు సంగతే మరిచిపోయాను. టీ పోసే ఆవిడ వచ్చి, పారేసి వేడిది పోస్తానని చెయ్యి చాపింది. వద్దని గ్లాసు నా వైపు లాక్కున్నాను. లాక్కుని, ఆ మీగడ వంక చూస్తూ ఒక్కదాన్నే నవ్వుకుంటుంటే పక్క సీటాయన తన కుర్చీ కొంచెం అవతలికి జరుపుకున్నాడు. జరుపుకోనీండి. చల్లారిన టీ కనబడితే నాకు మాష్టారు గుర్తొస్తారు, నవ్వొస్తుంది, ఒళ్ళు కాస్త పొంగుతుంది కూడా.

మాష్టారని అంటున్నాను గానీ ఆయన ఏనాడూ బడిలో పాఠం చెప్పిన మనిషి కాదు. ఒక సర్కారు ఆఫీసులో కవర్ల మీద ముద్రలు కొట్టి పంపించే సెక్షన్‌లో గుమాస్తా. సముద్రం మధ్య మా దీవిలో, షాదీపూర్ పేటలో మేడ మీద రెండు గదుల్లో ఒక్కరే ఉండేవారు. శని, ఆదివారాలు మధ్యాహ్నం ముందు గదిలో బల్ల చుట్టూ మమ్మల్ని కూర్చోబెట్టి ఆట ఆడించేవారు. ఆ ఆట తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు చెబుతాను. ఒకరు కథ చెబుతారు. మిగిలినవాళ్ళు ఆ కథలో తలా ఒక మనిషి అవుతారు. ఎదురుగా గోడ ఉందని ఆయనంటే, దూకుతానని నేనంటాను. దూకగలిగానా, కాలు విరగ్గొట్టుకున్నానా అన్నది ఇరవై ముఖాల పాచిక చెబుతుంది. కథ చెప్పే ఆయన మాటే చివరి మాట. ఆయనే ఆకాశం, ఆయనే సముద్రం, ఆయనే శత్రువు, మళ్ళీ తగువు వస్తే ఆయనే జడ్జీ. ఆ మనిషిని రూల్ బుక్‌లో గేమ్ మాస్టర్ అంటారు.

చిక్కంతా ఆ మాటతోనే వచ్చింది. మేం మెట్లెక్కుతూ "మాస్టర్ ఉన్నారా" అని కేకేసేవాళ్ళం. కింది వాటావాళ్ళు విన్నారు. తెలుగువాళ్ళ చెవిలో పడ్డ మాస్టర్ మాష్టారు కాకుండా పోతాడా? నెల తిరక్కుండా ఆయన మేడ మీద ట్యూషన్ చెబుతున్నారని వీధంతా తేల్చేసింది. తల్లిదండ్రులు లెక్కల పుస్తకాలు చంకన పెట్టుకుని, పిల్లల్ని వెంటబెట్టుకుని రావడం మొదలెట్టారు. మొదట్లో పాపం నిజం చెప్పబోయారు. ట్యూషన్ కాదండీ, పాచికలు వేయిస్తాను అన్నారు. పాచికలనగానే అవతలివాళ్ళ మొహాలు మారిపోయేవి. జూదగాడు అనిపించుకోవడం కన్నా మాష్టారు అనిపించుకోవడమే నయమని తర్వాత ఆ ప్రయత్నం మానుకున్నారు. చివరికి మేం కూడా ఆయన్ని మాష్టారు అనే పిలిచాం.

మనిషి సన్నగా, పొడుగ్గా ఉండేవారు. పైన ఆఫీసు చొక్కా, కింద లుంగీ. చొక్కా జేబులో పెన్ను ఉండాల్సిన చోట పాచిక ఉండేది. కథలో ముసలమ్మ వస్తే తువ్వాలు నెత్తిన కప్పుకునేవారు, సేనాపతి వస్తే అదే తువ్వాలు నడుముకి చుట్టేవారు. ఎవరేం చేస్తామన్నా కుదరదు అన్న మాట ఆయన నోటి వెంట వచ్చేది కాదు. "కానీ" అనేవారు. మన భాషలో ఆ మాటకున్న ఇబ్బంది మీకు తెలుసు. సరే కానీ అంటే కానివ్వమనీ కావచ్చు, వెనకాల ఏదో అడ్డు రాబోతోందనీ కావచ్చు. ఆయన కళ్ళు మూసుకుని "కానీ" అని ఆగితే, అది ఏ కానీయో తెలిసేదాకా మేం బల్ల అంచు పట్టుకుని కూర్చునేవాళ్ళం.

నన్ను అక్కడ వకీల్ సాబ్ అనేవారు. ఆ పేరు పెట్టింది శేఖర్ భయ్యా, బజార్లో మొబైల్ షాపులో పనిచేసే మా తోటి ఆటగాడు. ఎగతాళికే పెట్టాడు గానీ నాకు అది బిరుదులాగే ఉండేది. మా అందరిలో రూల్ బుక్ ఉన్నది నా ఒక్కదాని దగ్గరే. విశాఖపట్నంలో ఉన్న మా పిన్ని కొడుకు చేత కొనిపించి, ఓడలో మా దీవికి తెప్పించుకున్నాను. వచ్చేసరికే అట్ట ఉబ్బిపోయింది. అయినా కాలేజీకి వెళ్ళే బస్సులో దాన్ని ఎన్నిసార్లు చదివానో లెక్క లేదు. మాష్టారు ఒక మాట అనగానే నేను పేజీ తీసేదాన్ని. ఆయన కోప్పడేవారు కాదు. పుస్తకం అందుకుని, ఆ పేజీ అంచుని బొటనవేలితో రుద్ది చూసి, "దీనికి తేమ పట్టిందమ్మా. ఎండలో పెట్టి చూద్దాం" అనేవారు. అంటే నేను ఓడిపోయానని అర్థం.

అలాగని ఆయన తన ఇష్టం వచ్చినట్టు చేసేవారా అంటే, అదీ కాదు. వాదనకి ఆయన దగ్గర ఒక చట్టం ఉండేది, అదే టీ. తగువు మొదలవగానే ఆట ఆపి, లోపలికి వెళ్ళి, స్టవ్ మీద గిన్నె పెట్టేవారు. అందరికీ పోసి, తన గ్లాసు మాత్రం బల్ల మధ్యలో పెట్టేవారు. ఆయన ఆ గ్లాసు అందుకునేదాకా ఎవరైనా ఎంతైనా వాదించుకోవచ్చు. ఆయన్ని తిట్టొచ్చు కూడా. ఒక్క గుక్క తాగారంటే వాదన అయిపోయినట్టే. గ్లాసు దించి తీర్పు చెప్పేవారు. ఆ రోజుకి దాని మీద ఇంక మాట లేదు. అప్పీలు ఉంటే మళ్ళీ వారం. నా వాదన నచ్చితే గ్లాసు వైపు చూసి కూడా చూడనట్టు ఉండేవారు. నచ్చకపోతే పొగలు కక్కుతున్నా ఊదుకుంటూ తాగేసేవారు. ఆయన నాలుక ఎక్కువసార్లు కాలింది నా వాదనలకే.

ఆయన మీద నాకు గురి కుదిరింది మాత్రం టీతో కాదు, ఫ్రిజ్ కింద. కథలో ఒక దొంగ కెప్టెన్ ఉండేవాడు. మాష్టారు ఎంతో ముచ్చటపడి చేసుకున్న విలన్. వాడి గొంతు వేరే, నవ్వు వేరే. మాతో పోరాటంలో వాడు తప్పించుకోవాలంటే మాష్టారు పాచిక వేయాలి. వేశారు. అది బల్ల దిగి, గదంతా దొర్లి, ఫ్రిజ్ కిందికి పోయింది. బల్ల మీద నుంచి కింద పడితే మళ్ళీ వేయాలని పుస్తకంలో ఉంది. నేనే చెప్పాను. మళ్ళీ వేస్తే లాభం ఆయనకే కావచ్చు, అయినా రూల్ రూలే అన్నాను. ఆయన వినలేదు. లుంగీ ఎగగట్టి, నేల మీద బోర్లా పడుకుని, ఫోను లైటు వేసి చెంప నేలకానించి చూశారు. కాసేపు లేవలేదు. ఆ తర్వాత అక్కడినుంచే, "ఒకటి. పడింది పడినట్టే" అన్నారు. చెంపకి దుమ్ముతోనే వచ్చి కూర్చుని, తన ముద్దుల విలన్‌ని తన నోటితోనే సముద్రంలో ముంచేశారు. తను అబద్ధం చెప్పినా మేం పట్టుకోలేని చోట కూడా ఉన్నదున్నట్టు చెప్పిన మనిషి అన్యాయం చేయడని ఆ రోజు నాకు నమ్మకం కలిగింది. వాదించడం మాత్రం మానలేదనుకోండి.

నూకరత్నం కూడా అందరి పిల్లల్లాగే లెక్కల పుస్తకంతోనే వచ్చింది. తొమ్మిదో తరగతి. వాళ్ళ నాన్న సముద్రం మీద వేటకి వెళ్ళేవాడు, తల్లి చేపలు అమ్మేది. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం. తల్లి మెట్ల కింద వరకు దిగబెట్టి వెళ్ళిపోయింది. ఆ పిల్ల పైకి వచ్చి, తలుపు పక్కన నిలబడి, లోపల మా గోల చూసి బిత్తరపోయింది. మాష్టారు లెక్కల పుస్తకం కిటికీలో పెట్టించి, తనకి ఒక కుర్చీ చూపించారు. మా ఓడకి సరంగు లేడు, నడిపే మనిషి కావాలి, నువ్వు చేస్తావా అని అడిగారు. తలూపింది. తన మనిషికి కెరటం అని పేరు పెట్టుకుంది. ఆ పేరు కూడా శేఖర్ చెవిలో చెబితే వాడు మాకు చెప్పాడు.

అదే పెద్ద ఇబ్బంది అయింది. బడిలో పేరు పిలిస్తే కూడా పలకని పిల్లట. ఏం చేయాలన్నా శేఖర్ చెవిలో ఊదేది, వాడు దండోరా వేసేవాడు. రెండు వారాలు చూసి, మూడో వారం మాష్టారు కొత్త తీర్పు చెప్పారు. సరంగు తన నోటితో చెబితేనే ఓడ కదులుతుంది. ఇంకెవరు చెప్పినా లంగరు లేవదు. ఆ మధ్యాహ్నం మా ఓడ కదల్లేదు. మాష్టారు చేతులు కట్టుకుని, కిటికీలోంచి అవతలి రేకుల మీద పడుతున్న వాన చూస్తూ కూర్చున్నారు. నేను పళ్ళు నూరుకుంటున్నాను, నాకు అవతలి దీవిలో వెండి కత్తి ఉంది మరి. శేఖర్ బతిమాలాడు. ఎవరి వస్తువులు వాళ్ళు సర్దుకుని లేవబోతుండగా, తల ఎత్తకుండానే ఆ పిల్ల "ఎల్దాం" అంది. మాష్టారు లేచి లోపలికి పరిగెత్తి, గరిటెతో కంచం మీద టంగున కొట్టి, ఓడ బయలుదేరిందని ప్రకటించారు.

అక్కణ్ణుంచి మెల్లగా నోరు తెరిచింది. మొదట ఒక్కో మాట, తర్వాత ఒక్కో వాక్యం. ఏడాది గడిచేసరికి, మాష్టారు తుఫాను అంటే, ఏ వైపు నుంచి అని అడిగే దశకి వచ్చింది. మా ఓడ దీవులన్నీ తిరిగింది. ఆ తిరుగుడులోనే ఒక దీవిలో మాష్టారు తువ్వాలు నెత్తిన కప్పుకుని, ముసలమ్మ గొంతుతో నూకరత్నానికి ఒక తాళంచెవి ఇచ్చారు. "ఇది కల్ కీ చాబీ బిడ్డా. ఒక్కసారే తిరుగుతుంది" అన్నారు. మాకిక్కడ తెలుగులో హిందీ కలవడం టీలో పంచదార కలిసినట్టే, ఎవరూ విడిగా చూడరు. రేపటి తాళంచెవి అని అందరం అనుకున్నాం. తిప్పితే రేపు జరగబోయేది కనిపిస్తుందన్నమాట. ఆయన అనుకున్నదీ అదేనని తర్వాత ఒప్పుకున్నారు. నూకరత్నం మాత్రం ఏమీ అనకుండా దాచుకుంది.

ఇలా ఉండగా ఒక శనివారం వాళ్ళమ్మ వచ్చింది. చేపల గంప కింద మెట్ల దగ్గర దించి, కొంగు నడుముకి దోపుకుని, నేరుగా పైకి వచ్చి గుమ్మంలో నిలబడింది. బస్సులో ఎవరో పంతులమ్మ కలిసిందట. షాదీపూర్‌లో ఆ పేరుగల మాష్టారు ఏ బడిలోనూ లేడని చెప్పిందట. బల్ల మీద పాచికలు చూసింది. కూతురి వంక చూసింది.

"సచ్ బోలో బాబూ. మీరు మాష్టారు కాదేటి?" అంది.

మాష్టారు లేచి నిలబడ్డారు. కాదమ్మా అన్నారు. బొంకలేదు, నసగలేదు. ఇది ఆట అనీ, డబ్బు పందెం ఏమీ లేదనీ, మీ అమ్మాయి ఇక్కడ ఓడ నడుపుతుందనీ ఉన్నదంతా చెప్పారు. ఆవిడ ఓడ ఎక్కడుందని గదంతా చూసింది. మాకు నవ్వు రాలేదు. ఇవాళ్టితో పిల్లని మాన్పించేస్తానంది ఆవిడ. ఆట సగంలో ఉంది కాబట్టి అయ్యేదాకా కూర్చుంటానంది, ఆ తర్వాత చెయ్యి పట్టుకుని తీసుకుపోతానంది. మాష్టారు కుర్చీ వేయబోతే వద్దని గుమ్మంలోనే చతికిలబడింది. నూకరత్నం మొహం చూశాను. మళ్ళీ ఆ మొదటి వారం మొహమే, తల దించేసింది. ఏడాదిగా ఒక్కో మాటా కూడబెట్టుకున్న పిల్ల ఇక్కణ్ణుంచి వెళ్ళిపోతే ఇంకెక్కడా నోరు తెరవదని మాకందరికీ తెలుసు.

పాచిక కూడా ఆ రోజే పగబట్టింది. మా ఓడ తుఫానులో రాతి గట్ల మధ్య నుంచి వెళ్ళాలి. సరంగు పాచిక వేయాలి. వేసింది. ఒకటి పడింది. దాని కన్నా తక్కువ ఆ పాచికలో లేదు. ఓడ గట్టుకి కొట్టుకుని చీలిపోయింది. మేం పడవలోకి దూకడానికి తాడు పట్టుకుని నిలబడిన కెరటం ఓడతో పాటు నీళ్ళలోకి దిగిపోయింది. మాష్టారు చెయ్యెత్తి నీళ్ళ మట్టం చూపించారు. "నీళ్ళు నడుము దాటాయి. మెడ దాటాయి. తల దాటాయి" అని ఆగారు. మా బల్ల దగ్గర చచ్చిపోయిన మనిషి మళ్ళీ రాడు. అదీ ఆయన చట్టమే. గుమ్మంలో ఆవిడ లేవడానికి కొంగు సర్దుకుంది.

అప్పుడు నూకరత్నం తల ఎత్తింది. "నా కాడ కల్ కీ చాబీ ఉంది. తిప్పుతున్నాను. నిన్నటికి" అంది.

నేను ఊరుకోవాల్సింది అంటారు మీరు. ఆ పిల్ల మీద నాకు ప్రేమ లేదా అంటారు. ఉంది, కానీ రూల్ అనేది ఒకటుంది. ఇష్టమైనవాళ్ళకి ఒకటి, కానివాళ్ళకి ఒకటి అయితే అది ఆట కాదు, దయ. దయతో బతికిన సరంగు సరంగు కాదు. వెంటనే లేచాను. అది రేపటి తాళంచెవి, నిన్నటికి తిరగదన్నాను. పైగా మునిగిపోయిన మనిషి తాళం తిప్పడమేమిటన్నాను. మాష్టారు లోపలికి వెళ్ళి స్టవ్ వెలిగించారు. టీ తెచ్చి అందరికీ ఇచ్చి, గుమ్మంలో ఆవిడకీ ఒక గ్లాసు ఇచ్చి, తనది బల్ల మధ్యలో పెట్టారు. ఆవిరి లేస్తోంది.

మొదటి చిక్కు నూకరత్నమే విప్పింది. తల దాటాయన్నారు గానీ మాష్టారు ఇంకా చచ్చిపోయిందనలేదంది. నిజమే, అనలేదు. శేఖర్ బల్ల గుద్దాడు. సరే, అది వదిలేశాను. నా అసలు పట్టు కల్ అన్న మాట మీద. ఇన్నాళ్ళూ అందరం రేపనే కదా అనుకున్నాం అన్నాను. పోయిన నెల తిప్పి రేపు చూద్దామా అని నేనడిగితే నువ్వు కూడా కాదనలేదే అన్నాను.

"నాను రేపని ఒప్పుకోనేదు దీదీ. ఊరుకున్నానంతే. ముసల్ది కల్ అంది. మాయమ్మ కాడ సేపని సూసి కల్ కా హై క్యా అని అడుగుతారు. అంటే నిన్నటిదా అని. జెట్టీ కాడ జహాజ్ కబ్, ఓడెప్పుడు అని అడిగితే కల్ అంటారు. అంటే రేపు. మాట ఒకటే. సేప కాడ నిన్న, జహాజ్ కాడ రేపు" అంది.

ఏడాది మొత్తం మీద ఆ పిల్ల ఒక్క బిగిన అన్ని మాటలు మాట్లాడటం అదే మొదలు. గుమ్మంలో ఆవిడ టీ గ్లాసు నోటి దగ్గరే ఆగిపోయింది. వాదన బాగుంది, నాకూ నచ్చింది. కానీ వకీల్ సాబ్ అన్న పేరు ఊరికే వస్తుందా? తాను వేసిన ముడిలో తననే ఇరికించాను. నువ్వే అన్నావు కదా, జహాజ్ దగ్గర కల్ అంటే రేపని. మనం ఉన్నది జహాజ్‌లో. అయితే అది రేపటి చాబీయే, నీ మాట ప్రకారమే అన్నాను. శేఖర్ తల పట్టుకున్నాడు. మాష్టారి చెయ్యి గ్లాసు వైపు కదిలింది.

నూకరత్నం నన్నే చూసింది. మెల్లగా, ప్రతి మాటా విడివిడిగా, "జహాజ్ ములిగిపోయింది దీదీ. ఇప్పుడు నాను సేపల కాడున్నాను" అంది.

 ముందు నవ్వింది గుమ్మంలో కూర్చున్న ఆవిడ. ఆ నవ్వు బజార్లో అలవాటైన నవ్వు, వీధి చివరిదాకా వినిపించి ఉంటుంది. శేఖర్ కుర్చీలోంచి కింద పడ్డాడు. నేను రూల్ బుక్ మూసి బల్ల మీద పెట్టేశాను.  నా అంతట నేను ఆ పుస్తకం మూయడం జన్మలో అదొక్కసారే. సిగ్గు అనిపించలేదు. ఎదురుగా ఒక సమవుజ్జీ పుట్టిందని ఎక్కడలేని సంతోషం వచ్చింది.

మాష్టారు గ్లాసు అందుకోలేదు. చెయ్యి బల్ల మీదే ఉండిపోయింది. ఆవిరి తగ్గింది, ఆగిపోయింది. టీ పైన సన్నగా మీగడ కట్టింది, ముడతలు పడింది. ఆయన తాగితే తీర్పు ఆయనది. తాగకపోతే ఎవరిది? ఎప్పుడూ తాగేవారు కాబట్టి అంతవరకు ఎవరూ అడగలేదు. కావాలంటే ఆయన రేపనే తేల్చేయవచ్చు. ఆ ముసలమ్మని పుట్టించింది ఆయనే, ఆ మాట అన్నది ఆయనే, మనసులో రేపే ఉంది. గేమ్ మాస్టర్ మాటకి తిరుగు లేదని నా పుస్తకంలో మొదటి పేజీలోనే ఉంది. ఆయన చూపుడు వేలితో గ్లాసుని మెల్లగా తోశారు. అది బల్ల మీద జారుతూ వెళ్ళి నూకరత్నం ముందు ఆగింది.

"ఇది నీ టీ అమ్మా. తాగి తీర్పు నువ్వే చెప్పు" అన్నారు.

ఆ పిల్ల ఆ చల్లారిన టీని మీగడతో సహా గటగటా తాగేసింది. మూతి తుడుచుకుని గ్లాసు దించింది. చాబీ నిన్నటికి తిరిగిందని చెప్పింది. ఓడ మళ్ళీ రేవులో లంగరు మీద ఉంది, అందరూ బతికే ఉన్నారు. అక్కడితో ఆపేస్తుందనుకున్నాం. మాష్టారిలాగే కళ్ళు మూసుకుని "కానీ" అంది. చాబీ విరిగిపోయిందంది. నిన్నటికి పోయాం కాబట్టి ఇవాళ సంపాదించినవన్నీ ఇవాళతోనే పోయాయంది. అంటే ఆ పూటే నేను గెలుచుకున్న వెండి కత్తి! ఎన్ని నెలలు తిరిగాను దాని కోసం! అన్యాయం అన్నాను. అప్పీలు అన్నాను. టీ అయిపోయింది దీదీ, మళ్ళీ వారం సూద్దారి అంది. తనకి కావలసింది తీసుకుంటూనే దానికి తగ్గ వెల తనే వేసుకుంది చూశారా, తీర్పంటే అది. మాష్టారు చప్పట్లు కొట్టలేదు గానీ, లేచి వెళ్ళి గరిటె తెచ్చి కంచం మీద టంగున కొట్టారు. ఓడ బయలుదేరింది.

వాళ్ళమ్మ లేచి, ఖాళీ గ్లాసు తెచ్చి బల్ల మీద పెట్టింది. కూతురి తల మీద ఒక మొట్టికాయ వేసింది, ప్రేమగానే. "ఇంట్లో ఊ అనదు, ఆఁ అనదు ఈ గుంట. ఇక్కడ వకీలమ్మనే కూకోబెట్టేసింది" అంది. మాష్టారి వైపు తిరిగి, "కల్ పంపుతాను బాబూ" అని మెట్లు దిగబోయింది. నిన్నటికా రేపటికా అని శేఖర్ వెనకనుంచి అరిచాడు. అందరికన్నా గట్టిగా మళ్ళీ ఆవిడే నవ్వింది. కిటికీలోని లెక్కల పుస్తకం కూడా తీసుకోకుండా తల్లీకూతుళ్ళు వెళ్ళిపోయారు. మర్నాడు ఆ పిల్ల మా అందరికన్నా ముందే వచ్చి మెట్ల మీద కూర్చుని ఉంది.

ఇదంతా అయి కొన్నేళ్ళయింది. మాష్టారు రిటైరై ఫెరార్గంజ్ వైపు కొంచెం నేల తీసుకుని బెండకాయలు, ఆనపకాయలు పండిస్తున్నారు. నూకరత్నం పదో తరగతి లెక్కలు గట్టెక్కింది, డిగ్రీ కూడా చేసింది, ఇప్పుడు ప్రోతరాపూర్‌లో ఉంటోంది. పొద్దున పూట నిజంగానే లెక్కల ట్యూషన్ చెబుతుంది. ఆదివారం మధ్యాహ్నం షాదీపూర్ వచ్చి, మాష్టారు తనకి అప్పగించి వెళ్ళిన అదే గదిలో, అదే బల్ల మీద ఆట ఆడిస్తుంది. పిల్లలు ఆమెను దీదీ అనరు, మేడం అనరు. మాష్టారు అంటారు. మా వీధివాళ్ళు ఒకప్పుడు పడిన పొరపాటు ఇన్నాళ్ళకి నిజమైంది. నేనూ వెళ్తుంటాను, నా ఉబ్బిన పుస్తకం సంచీలో వేసుకుని.

మొన్న ఆఫీసులో ఆ టీ గ్లాసు చూశాక మనసాగక మాష్టారికి ఫోన్ చేశాను. ఆదివారం రండి అన్నాను. బస్సెక్కి వచ్చారు, సంచీ నిండా ఆనపకాయలతో. చొక్కా జేబులో పాచిక మాత్రం అలాగే ఉంది. జీవితంలో మొదటిసారి బల్లకి ఇటు పక్క, ఆటగాళ్ళ వైపు, నా పక్కన కూర్చున్నారు. గోడ దూకి పారిపోయే ముసలి దొంగ ఆయన మనిషి. దూకడానికి పాచిక వేశారు. అది బల్ల దిగి దొర్లుకుంటూ మంచం కిందికి పోయింది.

ఆయన ఏమన్నారో చెబితే నమ్మరు. బల్ల మీద నుంచి కింద పడితే మళ్ళీ వేయాలి, రూల్ ఉంది అన్నారు. నా వైపు వంగి, చాలా గంభీరంగా, "వకీల్ సాబ్, ఆ పేజీ ఏదమ్మా?" అని అడిగారు. ఇన్నేళ్ళకి ఆయన నా పక్షానికి వచ్చారు! నా చేతులు ఆగలేదు, చూడకుండానే పేజీ తీసి ఇచ్చాను. ఆయన కళ్ళద్దాలు సవరించుకుని, గొంతు సవరించుకుని, ఇంగ్లీషులో ఆ రూలు మొత్తం చదివారు. పక్కనుంచి నేను కూడా అందుకున్నాను. ఇద్దరం కలిసి అరగంట చేయదగ్గ వాదన నాలుగు నిమిషాల్లో చేసేశాం.

నూకరత్నం అంతా విని, లోపలికి వెళ్ళి టీ తెచ్చి బల్ల మధ్యలో పెట్టింది. పుస్తకం అందుకుని, పేజీ అంచుని బొటనవేలితో రుద్దింది. తేమ పట్టిందంది. ఆ తర్వాత నేల మీద బోర్లా పడుకుని, ఫోను లైటు వేసి, చెంప నేలకానించి మంచం కిందికి చూసింది. లేచి, దుమ్ము కూడా దులుపుకోకుండా, పొగలు కక్కుతున్న టీ అలాగే ఒక గుక్క తాగింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, నాలుక కాలినట్టుంది.

"మూడు. గోడ దూకలేకపోయారు. పడింది పడినట్టే" అంది.

మా దొంగ సైనికులకి దొరికిపోయాడు. పిల్లలందరూ ఆయన్నే చూస్తున్నారు. ఆయన తన కాగితాన్ని బల్ల మీద బోర్లించి పెట్టారు. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, పదో తరగతి పిల్లాడిలా బుద్ధిగా కూర్చున్నారు. ఓడిపోయిన మనిషి మొహం అంత వెలిగిపోవడం నేను ఎక్కడా చూడలేదు.

"మాష్టారు చెప్పాక ఇంకేముందమ్మా" అన్నారు.